కంటితో చూచిన సాక్షి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో భారతమునుండి యేదైన నొక ఘట్టమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నడిగిరి. నేను గురువునొద్ద కూర్చుండి చదివినవాడను కాను. పగలు అడంగలు లెక్కలు, రాత్రి భారత భాగవతములు. ఈ రీతిగా నాయంతట నేను కూడబలుకుకొని నేర్చినది కొద్దిపాటి. ఆ కొద్దిపాటియు ఈ గ్రంథాలయపు అరుగుమీద మీకు పలుమారులు వినిపించియే యున్నాను. అందుచేత నేడు పద్యమును వదలి ఒక తీర్పును పట్టుకొని వచ్చితిని. మన్నింప వేడెదను.

ఆ తీర్పు నాకు దొరికినదియు నిచటనే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక న్యాయవాది కుటుంబమువారు, ఆయన తదనంతరము, పాత తీర్పుల సంపుటములను మన గ్రంథాలయమునకు దానముగా నిచ్చిరి. నవలలకు వరుస కాచుకొనువారున్నారు గాని ఆ సంపుటముల జోలికి పోయినవారు లేరు. వానిని పట్టీలో నెక్కించు పని నాకు తగిలినది. దుమ్ము దులుపుచు ఒకదానిని తెఱచితిని. ఇంగ్లీషు అక్షరములలో "మీడియేటరునామా" అను మాట కనబడినది. సగము ఇంగ్లీషు, సగము పారసీకమునైన ఆ కచ్చేరీ మాట మన తెలుగు జిల్లాల సొత్తు. దాని ప్రక్కనే పులిపాడు చెఱువు, ఒక సత్రము, ఒక గడ్డివాము. లండనులో కూర్చున్న న్యాయాధిపతులు గుంటూరు జిల్లా గడ్డివామును గూర్చి యేమి తేల్చిరో యని నిలుచున్నవాడను నిలుచున్నట్లే చదివితిని.

అది పులుకూరి కోటయ్య అప్పీలు. 1946 డిసెంబరు 19వ తేదీన ప్రీవీ కౌన్సిలువారు దానికి తీర్పు చెప్పిరి. నాటికి మన దేశపు కేసులకు అదియే కట్టకడపటి న్యాయస్థానము. 1949తో ఆ యధికారము ముగిసినది. తీర్పు వ్రాసినవారు సర్ జాన్ బోమాంట్. వీరు అంతకుముందు బొంబాయి హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండినవారు. కావున మన గ్రామములనిన ఎఱుగనివారు కారు.

కథ మనకు క్రొత్తది కాదు. ఒక గ్రామమున రెండు కక్షలు. 1944 డిసెంబరు చివర ఒక సాయంకాలము, ప్రొద్దుగ్రుంకు వేళ, చెఱువు మూలమీద ఒక కక్షవారు కాచియుండి రెండవ కక్షవారిపై బడిరని అభియోగము. కఱ్ఱలు, ఈటెలు ఆడినవి. ఇద్దఱు హతులైరి. దొమ్మి, హత్య అను నేరములపై గుంటూరు సెషన్సు కోర్టులో విచారణ జరిగినది. కంటితో చూచితిమని చెప్పినవారు ఆరేడుగురు. వారందఱును ముద్దాయిలకు గిట్టనివారే. ఆనాడు జడ్జికి సహాయముగా అసెసర్లు కూర్చుండెడివారు. 1955లో చట్టము మార్చి ఆ పద్ధతిని తీసివేసిరి. ఆ అసెసర్లు సాక్షుల మాట నమ్మజాలమనిరి. వారి యభిప్రాయమునకు జడ్జి కట్టుబడి యుండనక్కఱలేదు. సాక్షులు పగవారే యని తెలిసియు, వారు చెప్పినది ముఖ్యాంశములలో నిజమే యని ఆయన నమ్మి శిక్షలు వేసెను. మద్రాసు హైకోర్టు దానిని ఖాయపఱచినది. లండనునకు అప్పీలు చేసికొన్నవారు తొమ్మండుగురు. వారిలో ఉరిశిక్ష పడినవారును, యావజ్జీవ ద్వీపాంతరవాసము పడినవారును గలరు. అనగా ఈ తీర్పులోని యొక్కొక్క వాక్యము వెనుక ఒక్కొక్క మెడ యున్నదని మనము మఱవరాదు. అట్లే చెఱువు మూలన పడిపోయిన యిద్దఱిని, వారి యిండ్లలో ఏడ్చినవారిని గూడ మఱవరాదు. ముద్దాయి పక్షమున మాటలాడినంతమాత్రమున హతుని పక్షము విడిచినట్లని మనవారు తలంతురు. అది పొరపాటు.

అప్పీలుదారులు రెండు అభ్యంతరములు చెప్పిరి. మొదటిది ఒక నోటుపుస్తకమును గూర్చినది.

హత్య జరిగిన తరువాత చూచిన సాక్షులను తొలుత ఒక పోలీసు కానిస్టేబులు విచారించి, వారు చెప్పినది తన పుస్తకములో వ్రాసికొనెను. ఆ దినముననే సర్కిల్ ఇన్స్పెక్టరు వారినే మఱల విచారించి వేఱుగా వ్రాసికొనెను. చట్టమేమనగా, పోలీసులకు సాక్షి చెప్పిన మాట సాక్ష్యము కాదు. కాని కోర్టులో ఆ సాక్షి దానికి విరుద్ధముగా చెప్పినచో, నాడిట్లంటివి గదా యని నిలదీయుటకు ముద్దాయి దానిని వాడుకొనవచ్చును. ఇన్స్పెక్టరు వ్రాసినది ముద్దాయిలకు సకాలములో అందినది. కానిస్టేబులు పుస్తకము మాత్రము ప్రాసిక్యూషను సాక్ష్యము ముగియవచ్చిన వేళ బయటపడినది. అప్పటికి సాక్షులు బోను దిగి పోయిరి.

ఇదేమి గొప్ప విషయమని మీకు తోచవచ్చును. లెక్కలు వ్రాయువానిగా నా మాట వినుడు. మాకు చిట్టా యొకటి, ఆవర్జా యొకటి యుండును. చిట్టాలో నాటి పద్దులు నాడే, పడిన వరుసను, కొట్టివేతలతో సహా యుండును. ఆవర్జాలో అవే పద్దులు ముత్యాలవంటి అక్షరములతో పేరుపేరు వరుసను కూర్చబడి యుండును. తనిఖీ తెలిసిన యధికారి ఆవర్జా చూచి మెచ్చుకొని ఊరకుండడు, చిట్టా తెమ్మనును. సాక్షి కోర్టులో చెప్పునది ఆవర్జా. నెలలు గడచినవి, చుట్టాలతో పదిమారులు చెప్పుకొన్నాడు, కక్షపెద్దలు విని సవరించినారు, తాను చూచినదేదో, ప్రక్కవాడు చూచి తనకు చెప్పినదేదో తనకే తెలియనంతగా కలిసిపోయినది. నెత్తురు ఆరకముందు చెప్పిన మొదటి మాట చిట్టా. అందుచేతనే ప్రీవీ కౌన్సిలువారు ఈ హక్కు మిక్కిలి విలువైనదనిరి. చిన్నచిన్న తేడాలు నిజము చెప్పువానిని కలవరపెట్టవు గాని, అబద్ధము చెప్పువాడు ఆ తేడాను సర్దుటకు పోయి తడబడి, తుదకు సాక్ష్యమంతయు కూలిపోవచ్చునని వారి యభిప్రాయము. ఈ సాక్షులు దొంగసాక్షులనుటయే ముద్దాయిల వాదము గనుక ఇచట దాని ప్రాముఖ్యము మఱింత హెచ్చు.

అయినను ఈ మొదటి అభ్యంతరమును వారు అంగీకరింపలేదు. పుస్తకము ఆలస్యముగా నైనను చేతికి వచ్చినది. ఒకే దినమున వ్రాసిన రెండు వాఙ్మూలములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన వీలు కలిగినది. వానిలో తేడా యున్నచో పై కోర్టులో ఆ మాట యెత్తకుందురా? ఎత్తలేదు గనుక తేడా లేదు. తేడా లేదు గనుక తప్పు జరిగినను నష్టము జరుగలేదు. ఈ సమాధానము నాకు పూర్తిగా నచ్చలేదని మనవి చేయుచున్నాను. సాక్షి బోనులో నున్నప్పుడు చిట్టా చేతనుండుట వేఱు, వాడు ఇంటికి పోయిన పిదప దొరకుట వేఱు. కాని వారు న్యాయాధిపతులు, నేను లెక్కలు వ్రాయువాడను.

రెండవ అభ్యంతరమే ఈ తీర్పును నేటివఱకు దేశములోని ప్రతి సెషన్సు కోర్టులోను నిలిపినది.

1945 జనవరి 12వ తేది ఉదయము, సత్రము ముందఱ, ఇద్దఱు మధ్యవర్తుల యెదుట పోలీసులు ఒక ముద్దాయి చెప్పిన దానిని వ్రాసిరి. సుమారు పదునాలుగు దినముల క్రిందట తామందఱు చెఱువు మూలన కాచి యిద్దఱిని చంపిరనియు, తమలో నొకడు తన చేతి యీటెను తనకీయగా దానిని, తన కఱ్ఱను గడ్డివాములో దాచెననియు, వచ్చినచో చూపెదననియు ఆ కాగితము సారాంశము. మఱియొక ముద్దాయి, ఫలానావానిని తానే యీటెతో పొడిచితిననియు, దానిని ఊరిలో ఒక దొడ్డిలో దాచితిననియు, చోటు చూపెదననియు చెప్పినట్లు వ్రాసిరి. ఈ మాటలన్నియు సాక్ష్యముగా కోర్టులో చదువబడినవి.

పోలీసులకు చేసిన నేరాంగీకారము చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము 25వ విభాగము చెప్పినది. వారి నిర్బంధములో నున్నప్పుడు, మేజిస్ట్రేటు ఎదుట తప్ప, ఎవరికి చేసినను చెల్లదని 26వది చెప్పినది. కారణము నేను చెప్పనక్కఱలేదు. ఠాణా గోడల వెనుక నోటినుండి మాట యెట్లు వచ్చునో మనకు తెలియును. 27వ విభాగము దీనికొక సందు విడిచినది. నిర్బంధములో నున్న ముద్దాయి చెప్పినదానివలన ఏదైన నొక విషయము బయటపడినచో, ఆ బయటపడిన విషయమునకు స్పష్టముగా సంబంధించిన మాట మట్టుకు చెల్లును. ఏలయన వాడు చూపినచోట వస్తువు దొరికినప్పుడు ఆ మేరకు వాని మాట నిజమని ఋజువైనది గదా!

ఇక ఆ మేరకు అనగా నెంతవఱకు? 1937లో అత్తప్ప గౌండన్ కేసులో మద్రాసు హైకోర్టువారు, ఆ వస్తువును నేరముతో ముడివేయు మాటలు గూడ చెల్లునని విశాలముగా అర్థము చెప్పియుండిరి. కోటయ్య కేసులో మన కోర్టులు ఆ దారినే నడచినవి. ప్రీవీ కౌన్సిలు ఆ దారి మూసివేసినది.

వారు చెప్పిన ఉపమానము మిక్కిలి సులభమైనది. నా యింటి కప్పులో దాచిన కత్తిని తీసి యిచ్చెదనని ఒకడు చెప్పినాడు, కత్తి దొరికినది. ఇందు కనిపెట్టబడినదేమి? కత్తి యనరాదు, కత్తిని మనుష్యుడు ఏనాడో కనిపెట్టినాడు. ఆ యింటి కప్పులో కత్తి యున్నదను సంగతియు, అది ఆ మనుష్యునకు తెలియునను సంగతియు మాత్రమే కనిపెట్టబడినవి. ఆ కత్తితోనే హత్య జరిగినదని వేఱు సాక్ష్యమువలన ఋజువైనప్పుడు ఈ సంగతికి గొప్ప బలము వచ్చును. కాని "దీనితో ఫలానావానిని పొడిచితిని" యను మాట జతచేసినచో ఆ మాట చెల్లదు. ఏలయన పొడిచిన సంగతి కప్పులో దొరకలేదు. ఒక వస్తువు పేరు జోడించినంత మాత్రమున నేరాంగీకారమంతయు చెల్లునని యన్నచో, ఆ వస్తువును జోడింపించు నేర్పు పోలీసులకు కొఱవడదనియు, చట్టము కట్టిన గట్టు తెగిపోవుననియు వారు కొంత వ్యంగ్యముగానే సూచించిరి.

ఈ లెక్కన ఆ మీడియేటరునామాలో నిలిచినదెంత? ఈటెను, కఱ్ఱను ఫలానా గడ్డివాములో దాచితిని, వచ్చినచో చూపెదను - ఇంతమాత్రము. కాచియుండుట, చంపుట, ఎవరి ప్రోద్బలమున చంపిరనుట, అంతయు కొట్టివేయబడినది. రెండవ ముద్దాయి మాటలలో పొడిచితిననునది పోయి, దాచితిననునది నిలిచినది.

ఈ భాగమును చదువుచుండగా నాకు శూద్రకుని మృచ్ఛకటికము తొమ్మిదవ యంకము కన్నులకు గట్టినది. వసంతసేనను చంపినాడని చారుదత్తునిపై శకారుడు ఫిర్యాదు తెచ్చినాడు. న్యాయాధికారి ప్రక్కన శ్రేష్ఠియు, వ్రాయసకాడైన కాయస్థుడును గూర్చున్నారు; ఆ కాయస్థుడు మా వృత్తివాడే. చూచిన సాక్షి లేడు. న్యాయాధికారికి చారుదత్తునిపై గౌరవమే యున్నది. అంతలో మైత్రేయుడు వచ్చి, శకారునితో కలహించి, చంకలో పెట్టుకొన్న నగల మూటను జాఱవిడిచినాడు. అవి వసంతసేన నగలు. ఆమె తానే చారుదత్తుని కుమారునకు బంగారు బండి చేయించుకొమ్మని యిచ్చినవి. తిరిగి యిచ్చివేయుటకు చారుదత్తుడు పంపగా మైత్రేయుడు తెచ్చుచున్నవి. నగలు దొరుకుట నిజము, అవి ఆమెవగుట నిజము, చంపుట మాత్రము అబద్ధము. అయినను రెండు నిజముల సందున ఆ అబద్ధము దూరి చారుదత్తుని వధ్యస్థానము వఱకు నడిపించినది. వసంతసేన బ్రదికివచ్చి యుండనిచో ఆ సభలోని కాయస్థుడు తాను వ్రాసినది సరిగానే వ్రాసితినని తృప్తిగా నిద్రపోయి యుండును.

మన కథకు వత్తము. చెల్లని మాటలు కొట్టివేసిన పిదప మిగిలిన సాక్ష్యము శిక్షకు చాలునా? ఇది తేలవలసిన ప్రశ్న. క్రింది కోర్టులు సాక్షులను నమ్ముటకు ఈ నేరాంగీకారములు బలము చేకూర్చినవి. ఆ యూతకఱ్ఱ తీసివేయగా సాక్షులు తమ కాళ్లపై నిలువగలరా? ప్రీవీ కౌన్సిలువారు తామే తేల్చక, అప్పీలును అంగీకరించి, చెల్లుబడియగు సాక్ష్యమును మాత్రము తూచి చూడుడని మద్రాసు హైకోర్టునకు తిరిగి పంపిరి. అనగా వేలమైళ్లు తిరిగి కేసు మఱల ఆ ఆరేడుగురు మనుష్యుల యొద్దకే వచ్చినది: చెఱువు మూలన, ప్రొద్దుగ్రుంకు వేళ, వారు కంటితో నేమి చూచిరి?

కక్షలున్న గ్రామములో జరిగిన నేరమునకు సాక్షులు పగవారుగానే యుందురనియు, వారి మాటలను మిక్కిలి జాగ్రత్తతో పరీక్షింపవలెననియు బోమాంట్‌గారు తీర్పు మొదటనే వ్రాసిరి. పరీక్షింపవలెననిరి గాని పాఱవేయవలెనన లేదు. ఈ భేదము ముఖ్యము. పగవాడైన సాక్షిని త్రోసివేయవలసివచ్చినచో పల్లెలలో ఏ హత్యకును సాక్షి దొరకడు; ఆ వేళ ఆ చెఱువు కట్టమీద తటస్థుడు ఎవడుండును? ఉన్నను నోరు మెదపడు.

మన పూర్వులు దీనిని గూర్చి చాల దూరము ఆలోచించిరి. సాక్షులు ముగ్గురికి తక్కువ గాకుండవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పి, ఉభయపక్షములవారు ఒప్పుకొన్నచో ధర్మమెఱిగిన యొక్కడైనను చాలుననెను. సాక్షిగా పనికిరానివారి పెద్ద పట్టీ నొకదానిని కూర్చెను. కాని బలాత్కారము, దొంగతనము వంటి నేరములలో ఎవ్వడైనను సాక్షి కావచ్చునని ఆ పట్టీకి మినహాయింపు పెట్టెను. ఇది ఎంత లోకానుభవము! అప్పుపత్రమునకు సాక్షిని మనము పిలిచి తెచ్చుకొందుము. కత్తిపోటునకు సాక్షిని ఎవ్వరు పిలుతురు? అప్పుడచట నెవ్వడుండెనో వాడే సాక్షి. ఈ శాస్త్రమునకు విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాయగా, తిక్కన సోమయాజి కాలపువాడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ఈ గ్రంథము మన బీరువాలో లేదు. కార్యదర్శిగారు తెప్పింపవలెనని ఈ సందర్భముననే కోరుచున్నాను.

సాక్షులు ఇందఱుండవలెనను నియమము నేటి చట్టములో లేదు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టువారు సాక్షులను మూడు తెగలుగా విభజించిరి: పూర్తిగా నమ్మదగినవాడు, పూర్తిగా నమ్మరానివాడు, ఈ రెంటికి నడుమనున్నవాడు. మొదటివాడు ఒక్కడైనను చాలును. రెండవవారు ఎందఱున్నను సున్నయే. చిక్కంతయు మూడవవానితో. వాని మాటకు వేఱొక ఆధారము వెదకవలెను. మనలో నెక్కువమందిమి ఈ మూడవ తెగవారమే యని నాకు తోచును.

హతుని బంధువులను గూర్చి 1953లో దలీప్ సింగు కేసులో జస్టిస్ వివియన్ బోస్‌గారు చెప్పినదానిని నేను రెండుమారులు చదివితిని. తన వానిని చంపిన అసలు హంతకుని విడిచి నిరపరాధిని ఇరికించుటకు దగ్గఱి బంధువు సాధారణముగా ఒప్పుకొనడు. ఇది మొదటి సగము. పగ రగులుచున్నప్పుడు మాత్రము, అసలు దోషితో పాటు తనకు గిట్టనివాని నొకనిని గూడ చేర్చుటకు పూనుకొనును. ఇది రెండవ సగము. మన గ్రామములను చూచి వ్రాసినట్లున్నది. కొట్లాట జరిగిన రాత్రి మన రచ్చబండమీద ఏమి జరుగునో మీకందఱకు తెలియును. పొడిచినవాడు ఒక్కడు. వాని పేరు వ్రాసిన పిదప, వాని యన్నను వదలుటేల యని యొకరందురు. మొన్న కాలువ నీటికడ మాట తూలినవాని పేరు మఱియొకరు చెప్పుదురు. ఎదుటి పక్షపు పెద్ద లేనిదే కేసునకు బరువు లేదని వేఱొకరందురు. తెల్లవాఱునప్పటికి పట్టీ పెరుగును. ఈ యదనపు పేర్లవలన కేసు గట్టిపడునని మన భ్రమ. ఎదుటి న్యాయవాదికి కావలసినవి ఈ యదనపు పేర్లే. ఆ దినమున ఆసుపత్రిలో నున్నవాని పేరు పట్టీలో నొకటి తగిలినదా, దానితో సాక్షి దొంగయైనాడు. దొంగసాక్షి చెప్పిన అసలు పేరు గూడ కదలినది. ఒక అబద్ధమున్నంత మాత్రమున మొత్తము త్రోసివేయరాదనియు, పొల్లు వేఱుచేసి గింజ నుంచుకొనవలెననియు మన సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. కాని కళ్లములో తూర్పారబట్టినవారికి తెలియును. గాలికి లేచు పొల్లు వేఱు, గింజ నంటి తడిసి ముద్దయైన పొల్లు వేఱు.

పెద్ద గుంపు పాల్గొన్న కేసులలో, ఒక్క సాక్షి మాటమీద గాక ఇద్దఱు ముగ్గురు సాక్షులు ఏకముగా చెప్పినవానికే శిక్ష వేయుట మంచిదను కొలతను 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించినది. కక్షకు చెందినవాడనుమాత్రమున సాక్షిని త్రోసివేసినచో న్యాయమే చచ్చునని ఆ తీర్పులోనే యున్నది.

1872 నాటి చట్టము నేడు లేదు. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము దాని స్థానమున అమలులోనికి వచ్చినది. పాత 27వ విభాగము ఇపుడు 23వ దానికి మినహాయింపుగా మారినది. సంఖ్య మారినను ఆ సందు అదియే, కోటయ్య తీర్పు దానికి వేసిన కొలతయు అదియే. సోదాలను, వస్తువుల స్వాధీనమును సెల్‌ఫోనువంటి సాధనముతో చిత్రీకరింపవలెనని నాటినుండియే అమలైన క్రిమినలు ప్రక్రియా చట్టము చెప్పుచున్నది. ఇది మంచి మార్పు. నా చిన్నతనములో నిది యున్నచో నేను చెప్పబోవు సంగతి జరిగియుండెడిది కాదు.

గ్రామోద్యోగములో చేరిన క్రొత్తలో మధ్యవర్తిగా రమ్మని నాకు పిలుపు వచ్చినది. కరణీకములు 1984లోనే రద్దయినను, లెక్కలు వ్రాయువాడు కనబడినచో సంతకమునకు పిలుచు నలవాటు పోలేదు. కరణంగారను పిలుపును పోలేదు. ఏ ఊరు, ఏ ఠాణా యన్నది ఇచట అనవసరము. ఒక కత్తిపోటు కేసు. నేను వెళ్లునప్పటికి కాగితము ఠాణాలోనే వ్రాసి సిద్ధముగా నున్నది. ముద్దాయి పొడిచితినన్నాడని, కత్తి దాచితినన్నాడని, చూపినాడని, మేము స్వాధీనము చేసికొంటిమని అంతయు జరిగిపోయినట్లే యున్నది. నేనును, రెండవ మధ్యవర్తియు అచటనే సంతకములు చేసితిమి. తరువాత జీపెక్కి పోతిమి. ముద్దాయి మా ముందు నడచి, పశువుల కొట్టములో ఊకకుప్ప క్రిందినుండి కత్తిని తీసినాడు. నా కన్నులతో చూచితిని. ఆ చోటు ఎవ్వరును వానికి చెప్పలేదు. వాని కాళ్లే పోయినవి.

ఏడాదిన్నర తరువాత కోర్టులో ముద్దాయి న్యాయవాది నన్ను ఒక్క ప్రశ్న అడిగెను: కాగితము ఎచట వ్రాసిరి? ఠాణాలో నన్నచో తప్పు బయటపడునను భయముతో, కొట్టమునొద్ద నంటిని. ఆ వెనుక పిలువబడిన రెండవ మధ్యవర్తి, పాపము నిజాయితీపరుడు, ఠాణాలో ననెను. జడ్జిగారు కలము దించి నావంక చూచిన చూపు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. కత్తి దొరికిన సంగతి మొత్తము త్రోసివేయబడినది. ఇక మిగిలిన కంటిసాక్షి హతుని తమ్ముడొక్కడు. అతడు అయిదుగురి పేర్లు చెప్పియుండెను. వారిలో ఇద్దఱు ఆ వేళ వేఱొక ఊర నుండిరని తేలినది. అందఱును విడుదలయైరి.

సాయంకాలము బస్సుకొఱకు నిలుచుంటిని. హతుని భార్య పిల్లవానిని చంకనెత్తుకొని అచటికి వచ్చినది. నన్ను తిట్టునేమో యని తల వంచుకొంటిని. ఆమె తిట్టలేదు.

"కత్తి ఆడ దొరికిన మాట నిజమేనా కరణంగారూ?" అని యడిగినది.

"నిజమేనమ్మా. నేనే చూశాను" అంటిని.

"మరి ఆ మాటొక్కటి చెబితే సరిపోయేదిగా" అని, పిల్లవానిని సర్దుకొని, ఆమె బస్సెక్కినది.